మానేస్తానన్న మనిషికి చోటెక్కడ?

ఒక మాట అడుగుతాను, మనసులో ఉన్నదే చెప్పండి. జైలు నుంచి వచ్చిన ఆడమనిషి మీ వీధిలో అద్దెకు గది అడిగితే ఇస్తారా? వంటకు వస్తానంటే రానిస్తారా? పొదుపు సంఘంలో పేరు రాసుకోమంటే రాసుకుంటారా?

"పిల్లలున్న ఇల్లు కదండీ" అంటారు కొందరు. "ఆయన్ని అడిగి చెప్తాను" అంటారు ఇంకొందరు. ఆ జంకు నాకు తెలుసు, దాన్ని తప్పు పట్టను. కానీ చెల్లెళ్లూ, జైలుకెళ్లిన మగవాడికి చాలాసార్లు ఇల్లు అలాగే ఉంటుంది. తల్లో పెళ్లామో ప్రతి వాయిదాకీ కోర్టు చుట్టూ తిరుగుతుంది, ములాఖత్‌కి వెళ్తుంది, విడుదలైన రోజు వెంటబెట్టుకుని తీసుకొస్తుంది. అదే ఇంటి ఇల్లాలు లోపలికెళ్తే ములాఖత్‌కి వచ్చేవాళ్లే తక్కువ. మొగుడు ఇంకొకామెను తెచ్చుకున్న ఇళ్లున్నాయి. పిల్లల్ని తలా ఒకరి దగ్గర వదిలేసిన ఇళ్లున్నాయి. శిక్ష పూర్తవుతుంది గాని, బస్సెక్కి ఏ ఊరి టికెట్టు తీసుకోవాలో తెలియదు ఆమెకు.

ఇవాళ ఆ ముచ్చటే చెప్పుకుందాం. తప్పుదారి పట్టిన ఆడవాళ్లు అందులోంచి ఎలా బయటపడతారు, బయటపడ్డాక ఎలా నిలబడతారు అన్నది. నాలుగు మంచి మాటలు చెబితే మారిపోతారనే మాట నేను నమ్మను. ఆ మంచి మాటలు వాళ్లకు మనకంటే ముందే తెలుసు. రాత్రిళ్లు తమకు తామే చెప్పుకుని ఉంటారు కూడా. మానేశాక కాలు పెట్టడానికి ఒక చోటు కావాలి. ఆ చోటు ఇవ్వాల్సింది బయటున్న మనం.

మన రెండు రాష్ట్రాల్లో పేద ఆడవాళ్ల మీద పడే కేసుల్లో నాకు బాగా తెలిసింది సారా కేసు. కోస్తాలో నాటుసారా అంటారు, తెలంగాణలో గుడుంబా. పేపర్లో చదివేవాళ్లకు అదేదో పెద్ద ముఠా వ్యాపారంలా కనిపిస్తుంది. చాలాచోట్ల అది వంటింటి పక్కనే జరిగే పని. నల్లబెల్లం, పటిక, నవసారం డ్రమ్ములో కలిపి నానేస్తారు. పులిశాక వాగు ఒడ్డునో తోటలోనో బట్టీ పెట్టి కాస్తారు. బెల్లం మోసేది, మంట పెట్టేది, తెల్లారకముందే గ్లాసు లెక్కన అమ్మేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. మొగుడు పోయినామె, మొగుడున్నా తాగి పడుకున్నామె, కూతురి పెళ్లికి వడ్డీకి తెచ్చినామె. బెల్లం అరువిచ్చిన షావుకారు పేరు కేసులోకి ఎప్పుడో గాని రాదు. దొరికేది డ్రమ్ము పక్కన నిలబడ్డ మనిషి.

దొరికితే తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తారు. ఇకమీద కాచనని, ఇంత సొమ్ముకని పూచీకత్తు రాయిస్తారు. మాట తప్పితే ఆ సొమ్ము కట్టాలి, కట్టలేకపోతే జైలు. కేసులు మరీ పేరుకుపోతే 1986 నాటి పీడీ యాక్టు, అంటే ముందస్తు నిర్బంధ చట్టం ఉంది, దాని కింద ఏడాది దాకా లోపల పెట్టొచ్చు. మెలిక ఇక్కడే పడుతుంది. జరిమానాకి, ప్లీడరు ఫీజుకి, జామీను పడేవాళ్ల ఖర్చులకి డబ్బు కావాలి. ఆమెకు డబ్బొచ్చే దారి అప్పటికి ఒక్కటే. కేసు వదిలించుకోవడానికి మళ్లీ కాస్తుంది. మళ్లీ కాసినందుకు ఇంకో కేసు.

అలా చాలా ఏళ్లు కాచి మానేసిన ఒకామెతో మాట్లాడాను. పేరూ ఊరూ రాయొద్దంది, రాయను. "బట్టీలు పగలగొట్టినప్పుడల్లా అప్పు పెరిగిందక్కా. ఆ అప్పు తీర్చనీకే మళ్ల పెట్టిన" అంది. మరి ఎలా మానేశావమ్మా అని అడిగితే, పోలీసుల మాట ఎత్తనే లేదు. బిడ్డ పదో తరగతిలో ఉందట. స్నేహితురాలిని ఇంటికి పిలవమంటే, "మనింటికెవరొస్తరమ్మా" అందట ఆ పిల్ల. ఆ మాట లోపల నాటుకుపోయింది. అయినా అదొక్కటే సరిపోలేదు. ఆమె తోడికోడలు బస్టాండు దగ్గర టిఫిన్ బండి నడిపే మనిషిని బతిమాలి గిన్నెలు తోమే పనికి పెట్టించింది. "నా పూచీ" అందట. ఆ రెండు ముక్కలు ఆ తోడికోడలు అనకపోతే ఈ కథ ఇక్కడి దాకా వచ్చేది కాదు.

మానేశాక ఎదురైన కష్టం ఏమిటో తెలుసా? పాత గిరాకీ. "తెల్లారగట్ల తలుపు కొట్టేటోళ్లు ఆగలేదక్కా. లేదంటే తిట్టిపోయెటోళ్లు. కొన్నాళ్లు ఇంటికి తాళమేసి మా అక్క దగ్గర పండుకున్న." మధ్యలో ఒకసారి బిడ్డకు జబ్బు చేస్తే మళ్లీ కాచింది కూడా. ఆ సంగతి చెప్పేటప్పుడు తల వంచుకుంది. ఇలాంటిది వినగానే "చూశారా, వీళ్లింతే" అనేస్తాం. వద్దమ్మా, అలా అనొద్దు. ఏళ్ల తరబడి తిండి పెట్టిన పని ఒక్కరోజులో తెగదు. మధ్యలో కాలు జారినా వెనక్కొచ్చి నిలబడిందా లేదా అన్నది చూడాలి. టిఫిన్ బండి ఆమె ఆ వారం జీతం కోసుకుంది గాని, పనిలోంచి తీసెయ్యలేదు. అదే ఈమెను నిలబెట్టింది.

పరిశోధకులు కనిపెట్టింది కూడా దీనికి దగ్గరగానే ఉంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో పెగ్గీ జియోర్దానో అనే ఆవిడ, ఆవిడ సహచరులు 1982లో నేరాల మీద సంస్థల్లో పెట్టిన ఆడపిల్లలతో మాట్లాడారు. 1995లో వాళ్లనే వెతికి పట్టుకుని మళ్లీ మాట్లాడి, 2002లో ఆ సంగతులు అచ్చువేశారు. పెళ్లయిందనో ఉద్యోగం దొరికిందనో మారిపోయిన వాళ్లు తక్కువట. మారాలన్న కోరిక లోపల ఉండాలి, ఆ కోరికకు ఒక పట్టు దొరకాలి, "ఇక నేను ఫలానా మనిషిని" అని చెప్పుకునే కొత్త గుర్తింపు రావాలి అన్నారు వాళ్లు. ఆ దేశం వేరు, ఆ పిల్లల బతుకులు వేరు. కానీ గిన్నెలు తోమే పనిలో చేరిన ఈమె ఇప్పుడు తనను "టిఫిన్ బండి అక్క" అని పిలుస్తారని చెప్పినప్పుడు ఆమె గొంతులో వచ్చిన మార్పు నేను విన్నాను.

ఇందులో ఒక మాట మరుగున పడకూడదు. సారా తాగి ఇల్లు గుల్ల చేసుకున్న మనిషి భార్య కూడా మన చెల్లెలే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మా ఆమె తోటి ఆడవాళ్లూ సారా మీద లేచారంటే, వాళ్ల ఇళ్లలో పిల్లలు పస్తులుండబట్టే. అక్షర దీపం అనే పెద్దల చదువుల్లో మొదలైన ఆ కోపం రాష్ట్రమంతా పాకింది, 1993లో సారా నిషేధం వచ్చింది. నేను చెప్పేది తప్పు తప్పు కాదని కాదు. సారా మీద పోరాడిన ఆడవాళ్ల కథ పాఠాల్లోకి ఎక్కింది. కాచి, పట్టుబడి, మానేసిన ఆడవాళ్ల కథ ఎక్కడా ఎక్కలేదు. ఇద్దరూ ఒకే వాడలో, ఒకే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకున్నవాళ్లే.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. గుడుంబా మానేసిన కుటుంబాలకు తలా రెండు లక్షల రూపాయలతో వేరే బతుకుదెరువు చూపించే పథకం తెలంగాణలో వచ్చింది. హైదరాబాదు ధూల్‌పేట పేరు చెప్తే ఒకప్పుడు అందరికీ గుడుంబానే గుర్తొచ్చేది. అక్కడి కుటుంబాల చేతుల్లో వినాయక విగ్రహాలు, పతంగులు, రాఖీలు చేసే పనితనం తరాలుగా ఉంది. కానీ అవన్నీ పండగల పనులు. పండగకూ పండగకూ మధ్య పొయ్యి వెలగాలి కదా. అందుకే ఒక్కసారి డబ్బు చేతిలో పెట్టి, ఫొటో తీసి, వెళ్లిపోతే చాలదంటాను నేను. గుడుంబా తగ్గిన చోట గంజాయి తలెత్తితే, ఖాళీ అలాగే ఉందని అర్థం.

గంజాయి మాట వచ్చింది కాబట్టి తల్లులందరికీ ఒకటి చెప్పాలి. బస్సుల్లో, రైళ్లలో గంజాయి మోయడానికి ఆడవాళ్లను వెతుక్కునే ముఠాలున్నాయి. చంకలో బిడ్డ ఉంటే సంచి విప్పి చూడరని వాళ్ల లెక్క. "ఈ బ్యాగు ఫలానా స్టేషన్లో ఇచ్చేసి రా, కూలి కంటే ఎక్కువిస్తాం" అంటారు. ఇరవై కిలోలు దాటితే చట్టం లెక్కలో అది వ్యాపార పరిమాణం, పదేళ్లకు తక్కువ కాని శిక్ష, బెయిలు దొరకడం మహా కష్టం. సంచిలో ఏముందో తెలియదన్న మాట కోర్టులో నిలబెట్టుకోవడం తేలిక కాదు. మీ ఇంట్లో పనిచేసే పిల్లకు, మీ పొలంలో కూలికొచ్చే చెల్లెలికి ఈ మాట చెప్పి ఉంచండి.

ఇక లోపలి సంగతి. 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్న మహిళలు 23 వేల పైచిలుకు. వంద మంది ఖైదీల్లో నలుగురు. ఇంత తక్కువ కాబట్టే జైళ్లు మగవాళ్ల లెక్కతో కట్టారు, ఆడవాళ్ల అవసరాలు వెనకబడ్డాయి. చంచల్‌గూడలో, రాజమహేంద్రవరంలో మహిళలకు వేరే జైళ్లున్నాయి. చిన్న ఊళ్లలో అలాంటి వేరే జైళ్లు లేవు. దానివల్ల చాలామందిని ఊరికి దూరంగా ఉంచాల్సి వస్తుంది, ములాఖత్‌కి వచ్చేవాళ్లు ఇంకా తగ్గిపోతారు.

తల్లితో పాటు లోపల ఉండే పిల్లల సంగతి మీకు తెలుసా? ఆరేళ్లు నిండేదాకా తల్లి దగ్గర ఉంచుకోనిస్తారు. ఈ విషయంలో సుప్రీంకోర్టు 2006లో ఇచ్చిన పెద్ద తీర్పు మన ఆంధ్రప్రదేశ్ కేసులోదే, ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసు. బిడ్డకు తిండి, టీకాలు, ఆటపాటలు, చదువు అన్నీ అందులో చెప్పారు. కాన్పు వీలైనంత వరకు బయటి ఆసుపత్రిలో జరగాలన్నారు. జైల్లో పుడితే పుట్టిన చోటుగా జైలు పేరు రాయకూడదన్నారు. ఆ ఒక్క వాక్యం చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఆ బిడ్డ బడిలో చేరే రోజును, పెళ్లి చూపుల రోజును ముందే తలుచుకుని రాసిన మాట అది. కానీ ఆరేళ్లు నిండిన రోజున ఆ బిడ్డ తల్లిని వదిలి బంధువుల ఇంటికో, ప్రభుత్వ హోముకో వెళ్లాలి. లోపలున్న తల్లి మారాలనుకున్నా, చెడిపోవాలనుకున్నా ఆ రోజే అనుకుంటుందని నా నమ్మకం. బిడ్డను తీసుకున్న అమ్మమ్మో పిన్నో నెలకోసారి ములాఖత్‌కి తీసుకొస్తే, ఆమెకు బయట ఇంకా ఇల్లుందని తెలుస్తుంది.

లోపల జరిగే మంచి పనులూ ఉన్నాయి. తెలంగాణ జైళ్లలో "విద్యాదానం" పేరుతో వేలిముద్ర వేసేవాళ్లకు సంతకం నేర్పారు. కుట్టుపని, బేకరీ పని నేర్పుతారు. జైళ్ల శాఖ పెట్రోలు బంకులు నడుపుతుంది, వాటిలో విడుదలైన వాళ్లకూ పని ఇస్తుంది. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం సత్ప్రవర్తన మీద 213 మందిని ముందుగా విడుదల చేసింది. అందులో 35 మంది ఆడవాళ్లు. ఆ 35 మందీ నా కళ్లలో మెదులుతూనే ఉంటారు. ఎంతమందికి ఇల్లు అలాగే ఉండి ఉంటుందో!

చట్టం ఇచ్చే కొన్ని పట్టులు మనలో చాలామందికి తెలియవు, కాబట్టి ఓపికగా వినండి. ఆడవాళ్లకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. అది 1987 చట్టం చెప్పే హక్కు, 15100కి ఫోను చేసి అడగొచ్చు. మొదటిసారి కేసులో ఇరుక్కుని విచారణలోనే మగ్గుతున్న వాళ్లకు, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిచిపోతే బెయిలు మీద వదలాలని 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం అంటుంది. ఉరిశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు అది వర్తించదు. ఒకటి కంటే ఎక్కువ కేసులున్నా కుదరదు. బెయిలు మంజూరై కూడా డబ్బు కట్టలేక ఉండిపోయిన పేదలకు 2023లో కేంద్రం ఒక పథకం పెట్టింది. విచారణ ఖైదీకి 40 వేల దాకా, జరిమానా కట్టలేని శిక్షాఖైదీకి 25 వేల దాకా ఇవ్వాలని అప్పట్లో అన్నారు. కొన్ని రకాల కేసులను మినహాయించారు. పాసుపుస్తకం గాని, ఇంటి కాగితం గాని మన ఆడవాళ్లలో ఎంతమంది పేరు మీద ఉన్నాయి చెప్పండి? జామీను దగ్గరే వాళ్ల బతుకు ఆగిపోతుంది. అందుకే ఇది గుర్తుంచుకోండి.

ఇంకొకటి, 1958 నాటి ప్రొబేషన్ చట్టం. చిన్న తప్పులో మొదటిసారి పట్టుబడిన మనిషిని జైలుకు పంపకుండా మంచి నడవడి మీద వదిలే అధికారం జడ్జిగారికి ఉంది. అలా వదిలితే, శిక్ష పడిందన్న కారణంతో వచ్చే అనర్హత ఏదీ ఆమెకు అంటదని ఆ చట్టంలోని 12వ సెక్షను చెప్తుంది. చట్టం తుడిచేసిన మరకను ఊరు మాత్రం తుడవదు.

ఆ మరక ఎంత కాలం ఉంటుందో చూడాలంటే స్టూవర్టుపురం కథ వినాలి. బాపట్లకూ చీరాలకూ మధ్య ఉంటుంది. బ్రిటిష్ వాళ్లు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు, తర్వాత దాన్ని మద్రాసు ప్రాంతానికీ చాచారు. ఎరుకల కుటుంబాలను సెటిల్మెంట్లలో పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. బుట్టలల్లి, ఎరుక చెప్పి, ఉప్పూ ధాన్యమూ మోసి అమ్ముకుని బతికిన ఆడవాళ్లు ఒక్క సంతకంతో పుట్టుకతోనే దొంగల లెక్కలోకి వెళ్లారు. స్వాతంత్య్రం వచ్చాక ఆ చట్టం పోయింది. పేరు పోలేదు.

అక్కడికి 1970ల్లో వెళ్లి పనిచేసిన ఆడమనిషి హేమలత. కవి గుర్రం జాషువాగారి కూతురు, నాస్తికోద్యమ నాయకుడు గోరాగారి కోడలు. వినుకొండలో 1932లో పుట్టింది. 1960లో చంబల్ లోయలో వినోబా భావే నడుస్తూ బందిపోట్ల చేత ఆయుధాలు దింపించినప్పుడు ఆ నడకలో ఉంది. తర్వాత భర్త లవణంగారితో కలిసి స్టూవర్టుపురం, కప్పరాళ్లతిప్ప సెటిల్మెంట్లలో ఇల్లిల్లూ తిరిగింది. తండ్రి ఎంత పెద్ద కవి అయినా, కులం పేరుతో గుమ్మం అవతల నిలబెట్టిన అవమానాన్ని ఎరిగిన ఇంట్లో పుట్టిన మనిషి ఆమె. తలుపులు మూసుకుపోతే ఎలా ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాత నిజామాబాదు జిల్లా వర్నిలో, దేవత పేరుతో ఊరికి వదిలేసిన జోగినుల కోసం "చెల్లి నిలయం" పెట్టింది. జోగినులు నేరస్థులు కారు, నేరం వాళ్ల మీద జరిగింది. అయినా వాళ్లకూ ఊరు మూసిన తలుపు అదే. 2008లో ఆమె పోయింది. నా మట్టుకు నాకు, తెలుగు ఆడవాళ్లు ఇంకా ఎక్కువగా తలుచుకోవాల్సిన పేరు అది.

ఇన్నాళ్లకు, 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు సుకన్య శాంత అనే పాత్రికేయురాలు వేసిన కేసులో తీర్పిచ్చింది. జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచడం రాజ్యాంగానికి విరుద్ధమంది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. ఆ పాత నేరస్థ తెగల చట్టం నుంచి బయటపడ్డ విముక్త జాతుల వాళ్లను అలవాటు నేరస్థులుగా చూసే నిబంధనలను తప్పుపట్టింది. ఒక ఆడకూతురు ఓపికగా జైలు జైలూ వాకబు చేసి రాసిన వార్తలు అంతదూరం నడిచాయి.

మనం సుప్రీంకోర్టుకు వెళ్లక్కర్లేదు. వారానికోసారి కూర్చునే పొదుపు సంఘం దాకా వెళ్దాం. సారా పోరాటం తర్వాత నెల్లూరులో పొదుపులక్ష్మి సంఘాలు ఎలా పెరిగాయో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు పది పదిహేను మంది ఒకరికొకరు పూచీగా ఉండి బ్యాంకులో అప్పు తెచ్చుకుంటున్నాం. ఒకరు ఎగ్గొడితే అందరి మీదా పడుతుంది కాబట్టి, కేసున్న మనిషిని చేర్చుకోవడానికి భయపడతాం. న్యాయమైన భయమే. దానికి దారులూ ఉన్నాయి. మొదట అప్పు ఇవ్వకండి, పొదుపు మాత్రం కట్టించుకోండి. వారం వారం పక్కన కూర్చోబెట్టుకోండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా పాడైపోయి ఉంటే ఒకరు వెంట వెళ్లి సరిచేయించండి. ఒంటరిగా ఆఫీసు గడప ఎక్కడానికే సిగ్గుపడుతుంది ఆమె. ఉండడానికి దిక్కు లేకపోతే శక్తి సదన్ ఉంది, 181కి చేస్తే దారి చెప్తారు. కొన్ని నెలలు గడిచాక చిన్న అప్పు ఇవ్వండి. మధ్యలో ఒక వాయిదా తప్పితే కేసు ఎత్తి చూపకండి, కారణం అడగండి. మిగతా సభ్యులను ఎలా అడుగుతారో ఆమెనూ అలాగే.

ఇంట్లో కూడా ఒక పని ఉంది. మీ బంధువుల్లో, మీ వాడలో లోపలున్న ఆడమనిషి ఎవరైనా ఉంటే ఒక్కసారి ములాఖత్‌కి వెళ్లిరండి. బిడ్డ చదువు సంగతి చెప్పండి, వీలైతే ఆ బిడ్డనే తీసుకెళ్లండి. వచ్చాక ఎక్కడ ఉంటావని అడగండి. ఈ ప్రశ్న విడుదలకు నెలల ముందే అడగాలి, గేటు దగ్గర అడిగితే ఆలస్యం.

అలాంటి చెల్లెలికి మీ సంఘంలో ఇప్పటికే చోటిచ్చి ఉంటే నాకు ఉత్తరం రాయండి. మొదట ఎవరు ఒప్పుకోలేదు, ఎవరు నచ్చజెప్పారు, పొదుపు ఎలా కట్టించారు, ఎక్కడ చిక్కొచ్చింది, అన్నీ రాయండి. ఆమె పేరూ ఊరూ రాయొద్దు. ఇంకో ఊళ్లో ఇంకో సంఘం ఇదే ఆలోచనలో ఆగిపోయి ఉంటుంది. మీ ఉత్తరం వాళ్లకు చూపిస్తాను.